షికిషి మీద సంతకం

జపాన్ బేస్‌బాల్ ఆటగాడి సంతకాన్ని తీరిగ్గా, దగ్గరగా చూడాలి. నడుస్తూ నడుస్తూ గీసిచ్చే గీత కాదది. దానికోసం అక్కడ ప్రత్యేకంగా ఒక అట్ట ఉంది, పేరు షికిషి. పొడవు 27.3 సెంటీమీటర్లు, వెడల్పు 24.2. చుట్టూ సన్నని బంగారు రంగు అంచు. కవులు కవితలు రాసుకున్న, చిత్రకారులు బొమ్మలు వేసిన అట్ట అది. ఆటగాళ్ల చేతికి ఆ తర్వాతే వచ్చింది. అందుకే కాబోలు, దానిమీద పెన్ను పెట్టేవాళ్లు ముందు చోటు చూసుకుంటారు. నడుమ పేరు నిలువుగా దిగుతుంది. పక్కన చొక్కా నంబరు, తేదీ, ఓ వారగా అడిగినవారి పేరు. కొందరు తాము నమ్మిన మాటొకటి చేరుస్తారు. మిగిలిన తెలుపును ముట్టుకోరు. నాకు ఆ వదిలేయడంలోనే పనితనం కనిపిస్తుంది.

సదహరు ఓ అనే ఆటగాడి సంతకమే తీసుకోండి. 1959 నుంచి 1980 దాకా యోమియురి జెయింట్స్‌కు ఆడి 868 హోమ్‌రన్లు కొట్టినాయన. ఆయన ఇంటిపేరు ‘ఓ’ అక్కడి లిపిలో ఒకే అక్షరం: మూడు అడ్డగీతలు, ఒక నిలువుగీత. ఇంత చిన్న అక్షరంలో లోపం దాగే చోటే లేదు. గీతల మధ్య ఎడం కాస్త తప్పినా కంటికి తగులుతుంది. ఆయన దాన్ని గొలుసుకట్టుగా కలిపెయ్యకుండా, ఎవరైనా చదవగలిగేలా రాస్తారు. కోచ్ హిరోషి అరకవా దగ్గర, వేలాడే కాగితాన్ని కత్తితో నరుకుతూ బ్యాటు ఊపు దిద్దుకున్న మనిషాయన. ఆ సాధన చేతిరాతలోనూ ఉందని నా నమ్మకం.

అలాంటి సంతకాన్ని మా విశాఖ నుంచి ఉత్తరం రాసి అడగొచ్చు. ఈ ఊరికి జపాన్ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న ఆ దేశపు విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని అదే దేశపు ఉక్కు ఫ్యాక్టరీలకు పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. మన రేవు నుంచి ఓడలు కదిలాయి. ఆ ఉక్కు ఫ్యాక్టరీల కార్మికులకూ బేస్‌బాల్ జట్లుండేవి. 1901లో మొదలైన యవాతా కర్మాగారం జట్టు కంపెనీల జాతీయ టోర్నీ గెలిచింది కూడా. ఉక్కునగరం నుంచి అక్కడి ఆటగాడికి ఒక ఉత్తరం వెళ్లడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

అడిగే ఉత్తరానికీ అంత శ్రద్ధే కావాలి. అక్కడి చిరునామా పెద్ద నుంచి చిన్నకు నడుస్తుంది: ఏడంకెల పిన్‌కోడ్, రాష్ట్రం లాంటి ప్రిఫెక్చర్, ఊరు, వీధి, జట్టు, చివర్న ఆటగాడి పేరు. లోపల ముందు ఋతువును పలకరించే ఒక వాక్యం, తర్వాత మీరు చూసిన ఒక్క ఆట గురించి రెండు మాటలు, ఆపైన కోరిక. సొంత చిరునామా రాసిన కవరు జతపరచడం మన పత్రికలకు కథలు పంపినవాళ్లందరికీ అలవాటే. కానీ అక్కడ మన స్టాంపులు చెల్లవు. ఈ చిక్కు తీర్చడానికే 1906లో రోమ్‌లో జరిగిన తపాలా మహాసభ అంతర్జాతీయ ప్రత్యుత్తర కూపన్‌ను తెచ్చింది. అక్కడి పోస్టాఫీసులో అది ఇస్తే ఆ దేశపు స్టాంపులిస్తారు, అయితే ఒక తేలికపాటి ఎయిర్‌మెయిల్ ఉత్తరానికి సరిపడేవే. పెద్ద షికిషికి చాలవు. కొలతలో సగముండే బుల్లి షికిషీలున్నాయి. దూరాన్నుంచి అడిగేవారికి అవే మేలు.

ఆటగాడి ఇంటికి రాయొద్దు, జట్టు కార్యాలయానికే రాయండి. ఫిబ్రవరి 1న శిక్షణ శిబిరాలు మొదలవుతాయి, ఆ హడావిడికి ముందే చేరేలా పంపండి. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ తొందరపెట్టకండి.