సగటు చెప్పునది, సగటు చెప్పనిది
ప్లాస్టిక్ శస్త్రచికిత్స శిక్షణకు అమెరికాలో జరుగు ఎంపికపై ఒక విమర్శ

అమెరికాలో పుట్టి పెరిగి, అక్కడనే వైద్యవిద్య చదువుచున్న మా అక్కగారి కుమార్తె ఇటీవల నాకొక పట్టిక పంపినది. దాని క్రింద ఒకటే ప్రశ్న: "మామయ్యా, ఇరవై ఎనిమిది పరిశోధనలు లేకపోతే నాకు సీటు రాదా?" జవాబు వ్రాయుటకై ఆ పట్టిక గల నివేదికను చదివితిని. నివేదిక మంచిదే. దానిని చదువు తీరులోనే దోషము కలదు. ఆ దోషము మన పాఠశాలలలో కూడ కనిపించునదే కనుక దానినిక్కడ చర్చించుచున్నాను.

ప్లాస్టిక్ శస్త్రచికిత్స యనగానే మనకు ప్లాస్టిక్ వస్తువులు తలపునకు వచ్చును. వానికిని దీనికిని సంబంధము లేదు. మలచుట అను అర్థము గల గ్రీకు పదము నుండి ఆ పేరు వచ్చినది. చీలిన పెదవిని, కాలిన చర్మమును, ప్రమాదములో నలిగిన చేతిని సరిదిద్దు విద్య యిది. అమెరికాలో వైద్యపట్టము పొందినవారు నేరుగా ఈ శాఖలో చేరినచో శిక్షణ 6 సంవత్సరములు. ఇట్టి స్థానములు ఆ దేశమంతటికిని ఏటా సుమారు 200 మాత్రమే. పోటీ ఎంత తీవ్రమో ఊహించుకొనవచ్చును.

ఈ స్థానముల పంపకమునకు అక్కడ 'మాచ్' అని పేరు. ఇది 1952లో ఆరంభమైనది. అభ్యర్థి తాను కోరు ఆసుపత్రులను వరుసగా వ్రాసియిచ్చును. ఆసుపత్రులును తమకు నచ్చిన అభ్యర్థులను వరుసగా వ్రాసియిచ్చును. కంప్యూటరు ప్రతి అభ్యర్థి పక్షమున అతని మొదటి కోరికను అడుగును. ఆసుపత్రి అతనిని తాత్కాలికముగా ఉంచుకొనును. తన జాబితాలో అతనికన్న పైనున్నవారు వచ్చి, ఖాళీ లేకపోయినచో అతనిని విడిచిపెట్టును. అప్పుడతడు తన రెండవ కోరికకు పోవును. ఇట్టి జతపరచుట నిలకడగా ముగియునని గేల్, షాప్లీ అను గణితజ్ఞులు 1962లో నిరూపించిరి. మాచ్‌ను అభ్యర్థి పక్షమునుండి మొదలగునట్లు సవరించినది ఆల్విన్ రాత్, ఇలియట్ పెరాన్సన్ అనువారు. ఆ సవరణ 1998లో అమలునకు వచ్చినది. రాత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ గణితము అభ్యర్థికిచ్చు సలహా యొకటి కలదు. ఒంటరిగా పాల్గొనువాడు తన నిజమైన ఇష్టమునే వరుసగా వ్రాయవలెను. "వారు నన్ను తీసికొనరేమో" యని భయపడి, నచ్చినదానిని క్రిందికి దింపినందువలన లాభమేమియు లేదు. కాబట్టి యంత్రముపై నాకు ఫిర్యాదు లేదు. ఆసుపత్రులు తమ జాబితాలను ఎట్లు తయారుచేయునన్నదే ప్రశ్న.

మాచ్‌ను నడుపు సంస్థయే 'చార్టింగ్ ఔట్‌కమ్స్ ఇన్ ద మాచ్' అను నివేదికను ప్రకటించుచున్నది. స్థానము దొరకినవారి వివరములతోపాటు దొరకనివారి వివరములను కూడ ప్రక్క ప్రక్కన ఉంచుట దాని సుగుణము. అమెరికా ఎం.డి. కళాశాలల ఆఖరి సంవత్సరపు విద్యార్థులలో, ఈ శాఖలో స్థానము పొందినవారికి పరిశోధన ఫలితముల సగటు 2020 సంచికలో సుమారు 19, 2022 సంచికలో సుమారు 28. రెండేండ్లలో విద్యార్థులు ఒకటిన్నర రెట్లు గొప్ప పరిశోధకులైరా? ఆ అంకెలో ముద్రిత వ్యాసములు, సభలలో చేసిన ప్రసంగములు, సంగ్రహములు అన్నియు కలిసియున్నవి. ఒకే పనిని రెండు సభలలో చెప్పి, పిదప అచ్చు వేయించినచో లెక్క మూడగును. పైగా ఈ లెక్క అభ్యర్థులు తమ దరఖాస్తులలో స్వయముగా వ్రాసుకొన్నది.

మన పరీక్షల గదిని తలచుకొందము. అదనపు కాగితములు ఎక్కువగా తీసికొనిన విద్యార్థులకు, సగటున, మార్కులు ఎక్కువగానే వచ్చును. అంతమాత్రముచే కాగితములు మార్కులను తెచ్చినవనవచ్చునా? విషయము తెలిసినవాడు ఎక్కువ వ్రాసినాడు, వ్రాయుటకు కాగితము కావలసివచ్చినది. ఈ రహస్యము తెలియని విద్యార్థి కాగితములడిగి పెద్ద అక్షరములతో నింపును. అందరును అట్లు చేసిననాడు కాగితముల లెక్కవలన ఎవరి తెలివియు తెలియదు.

నివేదికలోని మరియొక పట్టిక, జాబితాలో ఎక్కువ ఆసుపత్రులను వ్రాసినవారికి స్థానము దొరకు అవకాశము హెచ్చు అని చూపును. నిజమే. కాని ముఖాముఖికి పిలువని ఆసుపత్రి పేరు వ్రాసిన ప్రయోజనమేమి? పలుచోట్ల పిలుపు వచ్చినవాని జాబితా పొడవగును. అనగా జాబితా పొడవు చాలమట్టుకు యోగ్యతకు గుర్తే కాని, పేర్లు చేర్చినంత మాత్రమున యోగ్యత పెరుగదు.

2022 జనవరి నుండి అక్కడి వైద్య అనుజ్ఞా పరీక్షలో మొదటి భాగమునకు అంకెలు మాని ఉత్తీర్ణత మాత్రమే ప్రకటించుచున్నారు. ఒక కొలత పోగా మిగిలినవానిపై బరువు పెరుగుట సహజము. అందుచేత కొందరు ఒక సంవత్సరము చదువు ఆపి పరిశోధనలు పోగుచేయుచున్నారు. ఇంటి ఆధారము లేని విద్యార్థికి ఆ సంవత్సరము మిక్కిలి ఖరీదైనది.

మరి తోడ్పడునదేది? పరీక్ష రెండవ భాగములో మంచి అంకెలు. వేరొక ఆసుపత్రిలో సుమారు ఒక నెల పనిచేసి, అలసినవేళ కూడ రోగి యెడ శ్రద్ధ తగ్గనివాడని చూపుట. ఆ పని కన్నులార చూచిన శస్త్రచికిత్సకుని లేఖ. ముఖాముఖిలో తన పరిశోధనను గూర్చి ఎంత లోతుగా ప్రశ్నించినను జవాబు చెప్పగలుగుట. ఇవి పట్టికలకు సులభముగా ఎక్కవు. ఇవియు నిర్దోషములు కావు. పరాయి ఊరిలో నెల గడుపుటకు డబ్బు కావలెను. తన కళాశాలలో ఈ శాఖ లేనివానికి లేఖ వ్రాయు గురువును వెదకుకొనుటయే కష్టము. పరిచయము పక్షపాతమునకు దారి తీయవచ్చును. మన దేశములో 2017 నుండి ఎం.సిహెచ్. సీట్లలో చాలవానికి నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష ర్యాంకే ఆధారము. దానిలో పరిచయమునకు చోటు తక్కువ. కాని కుట్టు వేయు చేతి నిలకడను ఆ ర్యాంకు చూపజాలదు. రెండు పద్ధతులును ఒకదాని లోపమును మరియొకటి ఎత్తి చూపుచున్నవి.

మా మేనకోడలికి ఇట్లు వ్రాసితిని: "అమ్మా, ఇరవై ఎనిమిది అన్నది గడప కాదు, సగటు. అంతకన్న తక్కువ ఉన్నవారు కూడ స్థానము పొందినవారిలో ఉన్నారు. నీకు నిజముగా తెలిసికొనవలెనని ఉన్న ప్రశ్న నొకదానిని పట్టుకొని చివరంట పని చేయుము. నీ పని చూచినవారినే లేఖ అడుగుము. సీటు తప్పక వచ్చునని మాత్రము నేను చెప్పలేను."

ఉపాధ్యాయ మిత్రులు ఈసారి తరగతి పరీక్షలో అదనపు కాగితముల లెక్కను, మార్కులను రేఖాపటముగా గీయించి, కారణమేది, గుర్తు ఏది అని విద్యార్థులనే అడిగి చూతురు గాక.