ప్రకటనకు ముందే పంచిన సమాచారం: ఫోర్ట్ లాడర్‌డేల్ నియమాలపై ఒక పరిశీలన

మానవ జన్యుపదార్థంలోని అక్షరక్రమాన్ని చదివే మహాప్రయత్నం సాగుతున్న రోజులవి. (డి.ఎన్.ఏ.లోని నాలుగు రసాయన క్షారాలనే ఇక్కడ అక్షరాలంటారు.) 1996 ఫిబ్రవరిలో శాస్త్రజ్ఞులు బెర్ముడాలో సమావేశమై ఒక సాహసమైన నిర్ణయం చేశారు. 1000 అక్షరాలకు మించిన భాగాన్ని కూర్చిన 24 గంటలలోగా లోకానికి అందజేయాలి. వ్యాసం అచ్చయ్యేవరకు దాచుకొనే అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం.

దీనివలన మేలే జరిగింది. కాని ఒక చిక్కు వచ్చిపడింది. క్రమాన్ని చదివినవారు దాని అర్థాన్ని వివరించే వ్యాసం రాసుకొనేలోగా, మరొకరు అదే సమాచారాన్ని తీసుకొని ముందుగా ప్రకటించవచ్చును. ఇది దొంగతనమా? తలుపు తెరిచినది వారే కదా!

దీనికి జవాబుగా 2003 జనవరిలో, వెల్కమ్ ట్రస్టు ఆహ్వానంపై, అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక పత్రం తయారైంది. సమాచారాన్ని తయారుచేసేవారు తమ పథకాన్ని ముందే ప్రకటించాలి. వాడుకొనేవారు దానిని ఉదహరించి, మొదటి సమగ్ర విశ్లేషణను వారికి విడిచిపెట్టాలి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు మర్యాద తప్పుతారని తెలిసి కూడా తలుపు మూయవద్దనడం ఈ పత్రంలో మెచ్చదగిన విషయం.

అయితే సమగ్ర విశ్లేషణ ఎక్కడ మొదలవుతుంది? ఒకే జన్యువును గురించి రాసే విద్యార్థికి చిక్కులేదు. ఒక క్రోమోసోమును పూర్తిగా తీసుకొన్నవాని సంగతేమిటి? పైగా గడువు లేదు. తయారుచేసినవారు మూడేళ్ళు వ్యాసం రాయకపోతే తక్కినవారు చేతులు కట్టుకొని కూర్చోవలెనా? విస్తరిలో వడ్డించి తినవద్దన్నట్లున్నది. 2009లో టొరాంటోలో సమావేశమైనవారు, ఇటువంటి నిరీక్షణ ఒక సంవత్సరం దాటకుంటే మంచిదని సూచించి ఈ లోటును కొంత సరిదిద్దారు.

అంటువ్యాధి వచ్చినపుడు ఆ సంవత్సరం కూడా ఎక్కువే. 2020 జనవరి 11న కొత్త కరోనా వైరస్ క్రమం, చైనా శాస్త్రజ్ఞుడు జాంగ్ యోంగ్‌జెన్ బృందం తరఫున, అందరికీ అందింది. ఎవరైనా దానిని తీసుకొని విశ్లేషించవచ్చునని, దాని ఆధారంగా పత్రికలో వ్యాసం ప్రకటించదలచినవారు మాత్రం తమకు తెలియజేయవలెనని ఆ ప్రకటనలోనే కోరారు. రోగిని పరీక్షించేందుకు వాడుకోవడం వేరు, కీర్తి కోసం వాడుకోవడం వేరు. ఈ తేడా అందులో కనిపించినంత స్పష్టంగా 2003 పత్రంలో కనిపించదు. ఆ బృందం వ్యాసం ఫిబ్రవరి 3న వెలువడింది. అప్పటికే ఆ క్రమంపై ఆధారపడిన పరీక్షలు వాడుకలోకి వచ్చి ఉన్నాయి.