సగటు మనిషీ, సీతారామారావూ

మనోవిజ్ఞానశాస్త్రంలో ఎం.ఏ. చేసేవారికి గణాంకశాస్త్రం తప్పదు. బహుళ సంస్కృతుల అవగాహన అనే పాఠం కూడా ఇప్పుడు దానికి తోడయింది. వీటితో సాహిత్య విమర్శకు ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. 'ఆత్మన్యూనత', 'అంతర్ముఖత్వం' వంటి మాటల్ని మన పరిశోధక విద్యార్థులు ఆ శాస్త్రం నుంచే అరువు తెచ్చి తెలుగు నవలల్లోని పాత్రలకు అతికిస్తున్నారు. ఆ సరుకు ఎక్కడ తయారైందో అడిగేవారు తక్కువ.

2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ మనోవిజ్ఞాని తన దేశపు ఆరు ప్రముఖ పత్రికల్ని లెక్క తీశాడు. 2003 నుంచి 2007 దాకా వాటిలో అచ్చయిన పరిశోధనలకు లోనైనవారిలో 68 శాతం అమెరికన్లు. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం! పుస్తకాల్లో 'మానవ స్వభావం' పేరిట ఉన్నది చాలావరకు ఆ 12 శాతం మంది స్వభావమే.

వ్యక్తిత్వాన్ని కొలిచే పాశ్చాత్య ప్రశ్నావళుల్లో 'పార్టీల్లో సరదాగా కలిసిపోతారా' అనే తరహా ప్రశ్న మామూలు. మా బంటుమిల్లిలో అయితే 'ఏ పార్టీ?' అని ఎదురడుగుతారు. అది అనువాదంతో తీరే చిక్కే అనుకుందాం. ఆసామి ముందు నోరెత్తకూడదని నేర్చిన పాలేరు కూతురూ, గడప దాటనివ్వని మోతుబరి ఇంటి పిల్లా ఇద్దరూ 'లేదు' అనే రాస్తారు. ఇద్దరికీ ఒకటే మార్కు. ఆ 'లేదు' వెనకున్న కులం, కూలి, భయం ఆ మార్కులో ఎక్కడ?

నేను లెక్కల్ని నిందించటం లేదు. ఆర్నెట్ పక్షపాతాన్ని బయటపెట్టింది లెక్కతోనే గదా. నా పేచీ సగటుతో. 1835లో బెల్జియం గణితజ్ఞుడు కెట్లే 'సగటు మనిషి'ని ప్రతిపాదించాడు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ కోరింది ప్రాతినిధ్య పరిస్థితుల్లోని ప్రాతినిధ్య పాత్రల్ని. ఈ రెండూ ఒకటేననుకునే విద్యార్థులు నాకు తరచు తగులుతుంటారు. సగటు మనిషి ఏ ఊళ్ళోనూ బతికి ఉండడు. ప్రాతినిధ్య పాత్ర అరుదైనవాడే కావచ్చు, కాని కాలపు వైరుధ్యాలు అతని ఒంటిమీద కనిపిస్తాయి.

గుడివాడ దగ్గరి అంగలూరులో 1910లో పుట్టిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చూడండి. సీతారామారావు వంటివాడు ఊరికొకడు కూడా దొరకడు. ఏ సర్వే అయినా అతన్ని అంచుకు నెట్టేస్తుంది. అయినా వంశప్రతిష్ఠ అనే భూస్వామ్య విలువను పట్టుకు వేలాడే మనసు, డబ్బే కొలమానమైన లోకంలో ఏమవుతుందో అతనే చూపిస్తాడు. 'ఆత్మన్యూనత' అని చీటీ రాసి ముగించే వ్యాసాలు, ఆస్తి కరిగిపోవటాన్ని పక్కన పెట్టి మనసును మాత్రమే చదువుతున్నాయి. (గోపీచంద్‌ కూడా ఆ అంతర్మథనానికిచ్చిన చోటు పొలం దున్నినవారికి ఇవ్వలేదు. అది వేరే వ్యాసం.)

మనదేశంలో బహుళ సంస్కృతులంటే పండుగలూ పిండివంటలే కాదు, ఊరూ వాడా కూడా. ప్రశ్నావళి పట్టుకుని డెల్టా గ్రామాలకు బయలుదేరే మనోవిజ్ఞాన విద్యార్థులు ముందు కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' చదివితే, 'లేదు' అని ఎందుకు రాశావని ఆ పాలేరు కూతుర్ని అడిగే ప్రశ్న ఒకటైనా చేర్చుకుంటారు.