మతప్రేరిత ప్రభుత్వాలు – అణునిరోధకత: సౌప్తికపర్వం వెలుగులో ఒక పరిశీలన

దాడి చేసినవాడు తానూ మిగలడని ముందే తెలియజేసి, ఆ దాడి జరగకుండా చూసుకోవడమే అణునిరోధకత. ఈ సిద్ధాంతమంతా వినాశభయం అనే ఒక్క స్తంభం మీద నిలిచి ఉంది. పరలోకంలో ప్రతిఫలం ఉన్నదని నమ్మేవానికి ఆ భయం ఎక్కడిది అన్న ప్రశ్న అందుకే పుట్టింది. చరిత్రకారుడు బెర్నార్డ్ లూయిస్ 2006 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ఇరాన్ గురించి రాస్తూ, అంత్యకాలం ఆసన్నమైందని నమ్మే పాలకులకు పరస్పర వినాశం హెచ్చరిక కాదని, అది వారికి ప్రోత్సాహమేనని వాదించాడు. ఆ నెల 22వ తేదీన ఏదైనా జరగవచ్చునని కూడా శంకించాడు. ఏమీ జరగలేదు. తేదీ తప్పినంత మాత్రాన వాదం తప్పిపోదు కనుక దానిని వేరే సాక్ష్యాలతో పరీక్షించవలసి ఉంది.

ఈ పరీక్షకు హైదరాబాదు తగని చోటేమీ కాదు. అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బేగంపేటలో, దేశమంతటా యురేనియం నిల్వలను వెదికే అణుఖనిజాల అన్వేషణ, పరిశోధన డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఉంది. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి రూపకల్పన ఈ నగరపు కంచన్‌బాగ్ ప్రయోగశాలలో జరిగింది. ఆ క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చూసిన పంజాగుట్ట నిమ్స్ ఎముకల వైద్యుడొకరు, మూడు కిలోలకు పైగా బరువున్న కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను అబ్దుల్ కలాంకు చూపారు. ఆ పిల్లలకు మూడు వందల గ్రాముల కాలిపర్లు అమరాయి. కలాం ఎన్నో సభల్లో ఆనందంగా చెప్పుకున్న కథ ఇది. పిల్లల కాళ్లకు చేసిన మేలు కంటికి కనిపించింది. అదే పదార్థం అసలు ఏ పనికోసం పుట్టిందో ఆ పని, అంటే ప్రత్యర్థిని ఆపడం, జరుగుతున్నదో లేదో ఎవరి కంటికీ కనిపించదు. జరగని యుద్ధానికి కారణం చూపడం ఎవరికైనా కష్టమే.

అగ్ని ఎవరికోసం పుట్టిందో ఆ ప్రత్యర్థులలో పాకిస్తాన్ ఒకటి. లూయిస్ వాదానికి అసలైన పరీక్ష ఇరాన్ కన్నా అక్కడే ఎక్కువగా దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ మతభాష, అణ్వాయుధం రెండూ ఉన్నాయి. బ్రిగేడియర్ ఎస్.కె. మాలిక్ 1979లో ఖురాన్ దృష్టిలో యుద్ధం గురించి రాసిన గ్రంథానికి జనరల్ జియా ఉల్ హక్ ముందుమాట రాశాడు. శత్రువు గుండెలో భయం నాటడం యుద్ధానికి సాధనం మాత్రమే కాదని, అదే లక్ష్యమని ఆ గ్రంథం చెబుతుంది. దీనిని మతోన్మాదానికి రుజువుగా చూపడం పరిపాటి. కానీ భయానికి ఇంత విలువనిచ్చే ఆలోచన నిరోధక సిద్ధాంతానికి దగ్గరి చుట్టమే గాని విరోధి కాదు. ఎదుటివాని భయాన్ని లెక్కగట్టగలిగినవాడు తన భయాన్ని లెక్కించలేడని అనుకోవడానికి ఆధారం లేదు.

జియా ఆచరణ కూడా ఇదే చెబుతుంది. 1986–87లో రాజస్థాన్ సరిహద్దులో భారత సైన్యం బ్రాస్‌టాక్స్ విన్యాసాలు చేసినప్పుడు రెండు దేశాలూ యుద్ధం అంచుకు వచ్చాయి. దేశ చట్టాలను ఇస్లామీకరించిన ఆ జనరల్ 1987 ఫిబ్రవరిలో జైపూర్‌కు క్రికెట్ చూడటానికి వచ్చాడు. పన్నెండేళ్ల తరువాత, రెండు వైపులా అణుపరీక్షలు ముగిశాక, కార్గిల్ కొండలపైకి సైన్యాన్ని పంపినవాడు అతాతుర్క్ అభిమానిగా పేరుపడిన ముషారఫ్. అణ్వాయుధాల నీడలో అంత సాహసానికి దిగినవాడు మతాచారపరుడైన సేనాని కాడు. పాకిస్తాన్ విషయంలో మతనిష్ఠకూ దుస్సాహసానికీ సూటి సంబంధం ఉన్నదని చెప్పేవారు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వివరించవలసి ఉంటుంది. 2025 మేలో, ఖురాన్ కంఠస్థం చేసిన సేనాధిపతి నాయకత్వంలోనూ పోరు నాలుగు రోజుల్లో నిలిచింది.

ఇరాన్ సంగతి క్లుప్తంగా. బలిదానాన్ని కీర్తించి, కుర్రవాళ్లను మందుపాతరల మీదికి పంపిన ఖొమేనీయే 1988 జూలైలో కాల్పుల విరమణకు ఒప్పుకున్నాడు. అది తనకు విషం తాగడంతో సమానమన్నాడు, అయినా తాగాడు. మరోవైపు, మానవాళిలో సగం పోయినా సామ్యవాదం మిగులుతుందని 1957లో మాస్కోలో అన్న మావో నాస్తికుడు. అదే చైనా 1964లో బాంబు పేల్చిన రోజే తాను ముందుగా ప్రయోగించనని ప్రకటించింది.

మాటలే కొలమానమైతే భారతదేశమూ తప్పించుకోలేదు. 1974 పరీక్ష బుద్ధుని చిరునవ్వు పేరుతో ప్రసిద్ధమైంది. పృథ్వి అంటే ఇక్కడ భూమి. సరిహద్దుకు ఆవల అది పృథ్వీరాజుగా వినిపించి, ఘోరీ పేరుతో జవాబు వచ్చింది. పేర్లను బట్టి ప్రభుత్వాల మనస్తత్వాన్ని నిర్ణయించే పద్ధతిలో ఎదుటివాని మతమే మతంగా కనిపిస్తుంది, తన మతం సంస్కృతిగా కనిపిస్తుంది.

ఈ చర్చలో తెలుగు పాఠకునికి తిక్కన సౌప్తికపర్వం ఉపకరిస్తుంది. నిద్రిస్తున్న శిబిరంపై పడేముందు అశ్వత్థామ శివుని స్తుతించి ఆయన అనుగ్రహం పొందాడు. అతనిని వెంటాడిన అర్జునుడూ శివుని మెప్పించి పాశుపతం పొందినవాడే. ఇద్దరిదీ ఒకే దైవం. ఇద్దరి చేతిలోనూ ద్రోణుడు నేర్పిన బ్రహ్మశిరోనామకాస్త్రమే. ఇద్దరూ ప్రయోగించారు. వ్యాసనారదులు మధ్య నిలిచినప్పుడు అర్జునుడు ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ ఉపసంహరించలేకపోయాడు. కథ చూపిన తేడా భక్తిలో లేదు. ఉపసంహరణకు కావలసిన నియమం ఒకనికి ఉంది, మరొకనికి లేదు. అంతేకాదు, అర్జునునికి కాపాడుకోవలసిన అన్నదమ్ములూ రాజ్యమూ ఉన్నాయి. అశ్వత్థామకు తండ్రి పోయాడు, రాజు పోయాడు, సేన పోయింది. మిగిలిన అస్త్రం ఉత్తర గర్భం మీద పడింది.

ప్రభుత్వం, అది ఎంత మతప్రేరితమైనా, ప్రభుత్వంగా ఉన్నంతకాలం అర్జునుని పక్షాన ఉంటుంది. దానికి ఖజానా, రాజధాని, వారసులు ఉంటారు. పోగొట్టుకోవలసినవి లేని గుంపు అశ్వత్థామ పక్షం. లూయిస్ వర్ణించిన మనస్తత్వం ఉన్నదే, కానీ దాని చిరునామా ప్రభుత్వ భవనం కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేల్చినవారిని అగ్ని ఆపలేదు, ఆపగలదని ఎవరూ అనుకోలేదు కూడా. పంజాగుట్టకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆ పార్కు ఉంది. నిరోధకతను విశ్వసించేవారు ఈ లోటును తక్కువ చేసి చెబుతారు. అలాంటి గుంపులకు నీడనిచ్చే ప్రభుత్వం తాను చేయలేదని చెప్పుకోగలుగుతుంది, అణుగొడుగు దానికి ఆ ధైర్యాన్నిస్తుంది. మతప్రేరణ నిజంగా ప్రమాదమయ్యే తావు ఇక్కడ ఉంది. ఆయుధాన్ని మీటే చేతిలో కన్నా, ఆ చేతికీ గుంపుకూ మధ్య ఉన్న చీకటిలో దాని పని ఎక్కువ.

అణుకేంద్రాలపై పరస్పరం దాడి చేయరాదన్న అవగాహన కుదిరింది 1985 డిసెంబరులో, రాజీవ్ గాంధీకీ ఆ జియాకే మధ్య. అది 1988 చివరి రోజున బేనజీర్ భుట్టో హయాంలో ఒప్పందమైంది. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఢిల్లీ, ఇస్లామాబాదులు తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తరువాతి జనవరిలోనూ, పార్లమెంటుపై దాడి జరిగి సైన్యాలు సరిహద్దుకు కదిలిన 2002 జనవరిలోనూ ఆ కాగితాలు చేతులు మారాయి.