సిరాలో మినోటార్: పికాసో పునఃకల్పన

పురాణ పాత్రను మళ్లీ చిత్రించడమంటే పాత కథకు కొత్త బొమ్మ వేయడం మాత్రమే కాదు. ఆ కథలో మన జాలి ఎవరికి దక్కాలో మళ్లీ నిర్ణయించడం. పాబ్లో పికాసో (1881–1973) చిత్రాల ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలిద్దాం.

ముందుగా గ్రీకు కథను గుర్తుచేసుకోండి. క్రీట్ రాజు మినోస్, సముద్రదేవుడు పొసైడన్ పంపిన ఎద్దును బలి ఇవ్వకుండా తనకే ఉంచుకున్నాడు. దేవుడి ఆగ్రహం వల్ల రాణి పసిఫే ఆ ఎద్దును మోహించింది. అలా మనిషి దేహం, ఎద్దు తలతో మినోటార్ పుట్టాడు. రాజు అతణ్ణి లాబిరింత్ అనే చిక్కుదారుల కట్టడంలో బంధించాడు. ఏథెన్స్ కప్పంగా పంపిన ఏడుగురు యువకులు, ఏడుగురు యువతులు అతనికి ఆహారం. చివరికి థీసియస్ అతణ్ణి చంపి వీరుడయ్యాడు. తప్పు రాజుది, శిక్ష పుట్టిన బిడ్డది. ఈ అన్యాయాన్ని కథ పెద్దగా పట్టించుకోదు.

పికాసో పట్టించుకున్నాడు. అంబ్రోయిజ్ వొలార్ అనే చిత్ర వ్యాపారి కోసం 1930–37 మధ్య చేసిన 100 ముద్రణ చిత్రాల్లో మినోటార్ పదేపదే కనిపిస్తాడు. ఈ పద్ధతిలో రాగిఫలకంపై గీతలు ఏర్పరచి, వాటిలో సిరా నింపి, పైనున్న సిరాను తుడిచి తడి కాగితంపై అచ్చొత్తుతారు. 1933 నాటి చిత్రాల్లో మినోటార్ కళాకారుడితో కలిసి మద్యం తాగుతాడు, స్త్రీపై దౌర్జన్యం చేస్తాడు, ఎద్దుల పోరు జరిగే గోదాలో ప్రేక్షకుల కళ్లముందు ప్రాణాలు విడుస్తాడు.

1934 నాటికి అతడు అంధుడయ్యాడు. ప్రాచీన కథలో ఈ అంధత్వం లేదు. పావురాన్ని పట్టుకున్న ఒక బాలిక అతనికి దారి చూపుతుంది. ఈడిపస్‌ను నడిపించిన ఆంటిగొని మనకు గుర్తుకొస్తుంది. వీటిలో రాత్రి దృశ్యాన్ని ప్రత్యేకంగా చూడండి. ఆక్వాటింట్ పద్ధతి వల్ల ఆకాశమంతా గాఢమైన సిరా నలుపు. నక్షత్రాలు, బాలిక మాత్రం తెల్లగా వెలుగుతుంటారు. ఆ వెలుగు మనకు కనిపిస్తుంది, అతనికి కనిపించదు. ఇక్కడ నలుపు నేపథ్యం కాదు, అతని స్థితి.

అయితే మెచ్చుకోలుతో విమర్శ ముగియదు. నిన్న దౌర్జన్యం చేసినవాడు నేడు జాలికి పాత్రుడయ్యాడు. మరి ఆ స్త్రీ ఏమైంది? అతని బాధకు ఒక రాత్రినే కేటాయించిన చిత్రకారుడు ఆమె బాధకు అంత చోటు ఇవ్వలేదు. దారి చూపే బాలిక కూడా అతని కోసమే ఉంది, ఆమెకు సొంత కథ లేదు. రాక్షసుణ్ణి మనిషిగా చూపడం ఈ చిత్రాల గొప్పతనం. ఆ మానవత్వాన్ని అతనికే పరిమితం చేయడం వాటి లోపం.

కాబట్టి ఏ పునఃకల్పనను పరిశీలించినా రెండు ప్రశ్నలు వేసుకోండి. కొత్తగా ఎవరికి జాలి దక్కింది? అందుకోసం ఎవరి బాధ మరుగున పడింది?