చౌల్ట్రీలో ముదురాకు

కోలారు జిల్లాలో పెళ్లింటి ముంగిట చప్పరం వేసి, మీద నేరేడు కొమ్మలు పరిచిన రోజుల్లో ఆకు చేసే పని ఎవరూ చెప్పకుండానే తెలిసేది: నీడ. వైశాఖం ముహూర్తాలకు వచ్చిన చుట్టాలంతా దాని కిందే కూర్చునేవారు. పెళ్లి చౌల్ట్రీలోకి మారాక నెత్తిమీదికి సిమెంటు కప్పు వచ్చింది, నీడ పని దానిదైపోయింది. గుమ్మానికి ఒక మామిడాకు తోరణం, అటూ ఇటూ రెండు అరటి చెట్లు శాస్త్రానికి మిగిలాయి. వేదిక వెనక గోడను మాత్రం పాలియెస్టర్ గుడ్డా ప్లాస్టిక్ పూలూ ఆక్రమించాయి. మాలూరులోనైనా, చిక్కతిరుపతి దారిలోనైనా ఈ మార్పు సహజమేనని, ఎండ లేనిచోట ఆకెందుకని అనేవాళ్లున్నారు. ఆ లెక్క తప్పని నా అభిప్రాయం. కప్పు కిందికి వచ్చాక ముదురాకు ఒక పని పోగొట్టుకుని, అంతకంటే పెద్ద పని సంపాదించుకుంది.

ఆ పని వెలుతురుకు సంబంధించింది. మాలూరుకు పూర్వం మల్లికాపురమని పేరుండేదని చెబుతారు. కానీ ఎంత మంచి మల్లె అయినా క్రీమ్ రంగు గోడ ముందు వేలాడదీస్తే నాలుగో వరస కుర్చీకి కనబడదు. అదే దండ నేరేడు ముదురాకు మీద పడితే హాలు చివరి నుంచీ తెల్లగా తెలుస్తుంది. కారణం ఆకులోనే ఉంది. పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ బాగా పీల్చుకుని, ఆకుపచ్చలో కొంత మాత్రమే తిప్పి పంపుతుంది. ఆకు ముదిరి, దళసరెక్కే కొద్దీ ఆ తిరిగొచ్చే వెలుగు ఇంకా తగ్గుతుంది. అందుకే గోడంతా పూలు కుట్టినా రాని నిండుదనం ఆకు పరిచి నాలుగు దండలు వేస్తే వస్తుంది. పెంకులకూ ఇటుకలకూ పేరుపడిన ఊరు కనుక ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది: పూత పూయని ఇటుక గోడ దొరికితే, ఆ ఎరుపు పక్కన ముదురు పచ్చ రెట్టింపు పలుకుతుంది. దొరికిన గోడకల్లా పెయింటు కొట్టేయడం మన అలవాటు, అది వేరే సంగతి.

ఇక ఏ ఆకు, ఎప్పటి ఆకు అన్నది అసలు విద్య. మామిడి చిగురు రాగి రంగులో ముచ్చటగా ఉంటుంది కానీ కోసిన కాసేపటికే వాలిపోతుంది. ముదురాకు మీద మైనం పొర గట్టిపడి ఉంటుంది, లోపలి తడిని తొందరగా వదలదు. మామిడి, నేరేడు, నరమామిడి మూడూ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లే. నరమామిడిని ఇంటింటా అశోకమని పిలుచుకుంటాం, నిజమైన అశోకం వేరే చెట్టు. పేరెలా ఉన్నా దాని పొడవాటి అలల అంచు ఆకు స్తంభాలకు చుట్టడానికి మిగతా రెండింటికంటే బాగా ఒదుగుతుంది. కొమ్మలు ఎండెక్కక ముందే కోసి, మొదళ్లు నీళ్లలో ఉంచి, మీద తడి గోనె కప్పాలి. మామిడి కొమ్మ సొన కారి ఆరేదాకా వేదిక మీదికి ఎక్కించకూడదు. కింద కూర్చునేది పట్టు చీరలవాళ్లు, సొన మరక వదలదు, కొందరికి ఒళ్లు కూడా దద్దురెక్కుతుంది. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలున్నాయేమో దులిపి చూసుకోవాలి. మంగళసూత్రం వేళ పురోహితుడి మెడ మీద చీమ పాకితే అలంకారం సంగతి ఎవరికీ గుర్తుండదు. దుమ్ము కడిగి, నున్నటి ముఖం బయటికి వచ్చేలా, వెదురు దబ్బల చట్రానికి కింది నుంచి పైకి కట్టుకుంటూ పోతే పై కొమ్మ ఆకు కింది కొమ్మ ముడిని దాచేస్తుంది. కట్టడానికి తడిపిన అరటి నార, గుచ్చడానికి కొబ్బరి ఈనె చాలు. చివరికి దీపాలు: తెల్లటి ట్యూబులైటు ఎదురుగా పెడితే ఆకు చదునుగా, నల్లగా కనిపిస్తుంది. పసుపు వెలుగును పక్క నుంచి పారిస్తే మైనం పొర మెరిసి ఒక్కో ఆకూ విడివిడిగా తెలుస్తుంది.

హాలు చీకటిగా, శోకంగా ఉంటుందన్న అభ్యంతరానికి జవాబు ఆ దీపాల్లోనే ఉంది, కొంత నిగ్రహంలోనూ ఉంది. నాలుగు గోడలూ కప్పేస్తే చీకటే. వేదిక వెనక ఒక్క గోడ చాలు. చెట్లు కొట్టేస్తున్నారన్నది ఇంతకంటే బరువైన మాట. శ్రీనివాసపుర మామిడికి ప్రసిద్ధి చెందిన జిల్లా ఇది. మాఘమాసం పెళ్లిళ్ల నాటికి చెట్టు పూత మీద ఉంటుంది, అప్పుడు కొసకొమ్మ విరిస్తే కాయ పోయినట్టే. అయితే అలంకారానికి కొసకొమ్మలతో పని లేదు. గుబురు లోపల ఎండ తగలక పెరిగిన కొమ్మల్లోనే ఆకు ముదురు రంగులో ఉంటుంది, కాపు కూడా అక్కడే తక్కువ. చెట్టులోకి వెలుతురు రావాలని తోట రైతులు తీసేసేదీ ఆ కొమ్మలనే. తోటవాడిని అడిగి, అతని చేతే కోయించుకోవాలన్నది ఇందులో తప్పనిసరి షరతు. రోడ్డు పక్క చెట్టును రాత్రికి రాత్రి విరిచేవాళ్లను సమర్థించలేం.

ప్లాస్టిక్ తీగలైతే వంద పెళ్లిళ్లకు వస్తాయి కదా అంటారు డెకరేషన్‌వాళ్లు. వాళ్ల వ్యాపారానికి అది నిజమే. పెళ్లివారు మాత్రం ఏ పెళ్లికి ఆ పెళ్లికే అద్దె కడతారు, వంద పెళ్లిళ్ల దుమ్ము పట్టిన తీగకు కూడా. ఈ సరుకు మీద అనుమానం మనకొక్కరికే లేదు. అలంకారానికి వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ కూడా ప్లాస్టిక్కేనని బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని వద్దంది. వెదురు చట్రానికి ఫోమ్ అవసరమే రాదు. ముదురాకుకు నిజంగా ఉన్న లోపం ఒకటే: హోమగుండం దగ్గర ఎండిన ఆకు ప్రమాదం. కాబట్టి గుండానికి చేయి చాపినంత దూరంలో కొమ్మ ఉండకూడదు, రెండోరోజు రిసెప్షన్ ఉంటే వేదిక దగ్గరి ఆకును తెల్లవారే మార్చాలి. ఆ మార్పు కూలీని అలంకారం బేరంలోనే ముందుగా మాట్లాడుకోవడం మంచిది. తీసేసిన అరటి బోదెలు పశువులకు, కొమ్మలు పెంటకుప్పకు వెళ్తాయి, నారతో సహా.