పరదా, వాకిలి

మా ఇళ్లకు తలుపు కంటే ముందు పరదా వచ్చింది. గోనెసంచి చింపి కట్టిన పరదా. దాన్ని చూసి మమ్మల్ని మూసుకుపోయినవాళ్లమన్నారు. ఒంటిగది కొంపలో అమ్మీ స్నానం చేయాలన్నా, భాభీ పిల్లకు పాలివ్వాలన్నా ఆ గుడ్డముక్కే గోడ అని ఎవరూ అనుకోలేదు.

ఇంటి నక్షా గీసేచోట మేం ఎన్నడూ లేం. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. బీదింటి ఆడవాళ్లకు చాటు కావాలని సర్కారు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కాని పట్నాల్లో అంతస్తులుగా లేచినచోట వాకిలి పోయింది. మిరపకాయలు ఎక్కడ ఆరబోయాలి? ఇంట్లో చావొస్తే మయ్యత్‌కు గుస్ల్ ఎక్కడ చేయించాలి? ఇరుకు మెట్ల మీంచి జనాజా ఎట్లా దింపాలి? వాస్తు చూసే మేస్త్రీ ఖిబ్లా అడగడు. మరుగుదొడ్లో కూర్చుంటే ముఖం పడమరకు పడకూడదన్న మా పట్టింపు ఏ నక్షాలోకీ ఎక్కలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభించారు. సొంత జాగా ఉన్నవాళ్లకు ముందు 5 లక్షలు. కనీసం 400 చదరపు అడుగుల్లో కట్టుకోవాలి. నక్షా మన చేతికే వచ్చింది, మంచిదే. మరి జాగా ఏది? భద్రాచలం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపలా ఉంది. అది న్యాయం. కోయల నేల మీద కన్నేసి మేం మా హక్కులు మాట్లాడలేం. కిరాయి కొంపల్లో బతికే మావాళ్లకు ఆ చట్టం లేనిచోట జాగా చూపించమంటున్నాం.

నక్షా కోసం దూరం పోనక్కర్లేదు. కోయగూడెం చూడండి. ఇల్లిల్లూ విడిగా, చుట్టూ దడి, లోపల మొక్కజొన్న. దడి వెనక కూర్చున్న మనిషి కనబడదు, లేచి నిలబడితే పలకరించవచ్చు. చాటూ ఉంది, ఊరూ ఉంది. ఇండోర్‌లో బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీకి 1995లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. అక్కడ బీదలకు చేతికిచ్చింది జాగా, పునాది, నీళ్లూ మురుగూ వసతి. మిగతాది తమ అవసరం కొద్దీ వాళ్లే కట్టుకున్నారు. ముస్లింలు, హిందువులు, జైనులు పక్కపక్కనే ఉన్నారు.

మేమూ వేరే ముస్లిం వాడ అడగడం లేదు. పదిళ్ల మధ్య ఒక వాకిలి, ఎదురెదురు పడని తలుపులు, మోకాటికి మించి భుజానికి అందని ప్రహరీ అడుగుతున్నాం.

మా తప్పూ ఉంది. చాటు ఆడవాళ్ల అవసరం. దాన్ని మా మగవాళ్లు హుకుంగా మార్చి వాళ్ల మెడకే చుట్టారు. అందుకే నక్షా ముందు మమ్మల్ని కాదు, మా ఖాలాలను, ఆపాలను కూచోబెట్టండి. గోడ ఎక్కడ కావాలో, వాకిలి ఎంత కావాలో వాళ్లకు తెలుసు. గోనె పరదా ఎప్పుడు దించాలో కూడా వాళ్లే చెబుతారు.